అనువాద యంత్రములకు ధర్మకాటా



నరసరావుపేటలో బ్యాంకువా రిచ్చు ఋణపత్రము, గురజాల కోర్టునుండి వచ్చు తీర్పు నకలు, మాచర్లలో కొన్న పురుగుమందు పెట్టెలోని కాగితము, పంట బీమా షరతులు - వీనిలో పెక్కింటికి ఇంగ్లీషే మూలభాష. పూర్వము ఇట్టి కాగితము వచ్చినచో ఊరి ఉపాధ్యాయునియొద్దకో, ప్లీడరు గుమాస్తాయొద్దకో కొనిపోవు వాడుక యుండెను. ఇప్పుడు ఇంటిలోని పిల్లవాడే సెల్‌ఫోనును కాగితమునకెదురుగా పట్టి, రెండు క్షణములలో తెలుగు చేసి చదువుచున్నాడు. చదివినది సుబోధముగానే యుండును. అది నిజమా యన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము కనుగొను విధమును గూర్చియే నేడు కొన్ని మాటలు మనవి చేయుదును.

ఈ పని చేయు యంత్రము లిప్పుడు అనేకములు కలవు. యంత్రమనగా ఇచట ఇనుపచక్రములు గలది కాదు; కంప్యూటరులో నడచు లెక్కల కూర్పు. గూగులు సంస్థ తన అనువాదసేవను 2006లో ఆరంభించి, 2011లో తెలుగును చేర్చినది. మైక్రోసాఫ్టు, అమెజాను సంస్థలు కూడ తెలుగును అనువదించు సేవలను అమ్ముచున్నవి. మన కేంద్ర ప్రభుత్వము 2022లో భాషిణి యను ఏర్పాటును ప్రారంభించినది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందమువారు 2023లో, రాజ్యాంగముయొక్క ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకును పనికివచ్చు ఇండిక్‌ట్రాన్స్2 అను యంత్రమును లోకమునకు ఉచితముగా నొసగిరి. ఇవిగాక, ప్రశ్నలకు జవాబు చెప్పు చాట్‌జీపీటీ, జెమినై మొదలగునవియు అడిగినచో అనువాదము చేయును. ఇన్నింటిలో దేనిని నమ్మవలయును? ప్రతి వర్తకుడును తన సరకే మేలని చెప్పును. అందు ఆశ్చర్యము లేదు.

మన రైతునకు ఈ చిక్కు క్రొత్తది కాదు. ప్రత్తిగాని మిరపకాయగాని అమ్మునపుడు, కొనువాని కాటాపై అనుమానము కలిగినచో ఏమి చేయుదుము? బండిని ధర్మకాటా మీదికి తోలుదుము. ధర్మకాటాకు కొనువాడును అమ్మువాడును ఒక్కటే. దాని ముల్లు సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు, తూకము ముందే తెలిసిన రాళ్ళను పెట్టి చూతురు. అనువాద యంత్రమునకును ఇట్టి ధర్మకాటా యొకటి కావలెను. దానికి పెద్ద ధనము గాని, పెద్ద యంత్రశాల గాని అక్కరలేదు. రెండు భాషలు తెలిసి, పక్షపాతము లేని ఇద్దరు ముగ్గురు పెద్దలును, కొంత ఓపికయు చాలును.

పరీక్షకును ప్రదర్శనమునకును గల భేదమును మొట్టమొదట గుర్తింపవలయును. 1954వ సంవత్సరము జనవరి 7వ తేదీన న్యూయార్కు నగరములో జార్జిటౌను విశ్వవిద్యాలయమువారును ఐబీఎం కంపెనీవారును కలసి, రష్యను వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చు యంత్రమును పత్రికలవారికి చూపిరి. వాక్యములు అరువదికి పైబడి యుండెను. యంత్రమునకు తెలిసిన మాటలు 250. వ్యాకరణ సూత్రములు 6. వాక్యములను ముందుగా ఏరి కూర్చుకొన్నవారు యంత్రమును చేసినవారే. అన్నియు చక్కగా వచ్చినవి. కొద్ది సంవత్సరములలో మనుష్యుల అనువాదముతో పనియే యుండదని ఆశలు చెలరేగినవి. అది ప్రదర్శనము.

పది సంవత్సరములు గడచెను. ఈ పనికి ద్రవ్యమిచ్చుచున్న అమెరికా ప్రభుత్వశాఖలు, తమ ధనమునకు తగిన ఫలము వచ్చుచున్నదా యని తెలిసికొనదలచి, 1964లో ఒక సంఘమును నియమించినవి. ఆల్పాక్ అనునది దాని పొడి పేరు. బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్ పియర్స్ దానికి అధ్యక్షుడు. ఈ సంఘము 1966లో నివేదిక నిచ్చెను. యంత్రానువాదము మనుష్యులు చేయు అనువాదముకంటె ఆలస్యమైనదనియు, తప్పులు ఎక్కువగలదనియు, ఖర్చు కూడ అధికమనియు తేల్చెను. ఆ నివేదికతో అమెరికాలో ఈ పరిశోధనకు వచ్చు ధనము చాలవరకు నిలిచిపోయినది. ఆ సంఘముయొక్క తీర్పు మరీ కఠినమని తరువాత కొందరు పండితులు విమర్శించిరి. ఆ వాదము నటుండనిండు. మనకు కావలసిన పాఠ మొక్కటే: 1954లో చూపినవాడు అమ్మువాడు, 1966లో తూచినవాడు మూల్యమిచ్చువాడు. రెంటికిని ఎంత యంతరము!

ఆ సంఘమువారి పరీక్షావిధానమునందు నేటికిని మనము గ్రహింపదగిన గుణమొకటి కలదు. వారు అనువాదమును ఒకే తూకమున తూచలేదు. రెండు తూకముల తూచిరి. అనువాదము చదువుటకు ఎంత తేటగా నున్నది యనునది మొదటి తూకము. దీనికి మూలముతో పనిలేదు. అనువాదమును చదివిన పిదప మూలమును చదివినచో, అనువాదములో దొరకని సంగతి మూలములో ఎంత మిగిలియున్నది యనునది రెండవ తూకము. మిగిలినది ఎక్కువైనకొలదియు అనువాదము లోపముగలదని యర్థము. మొదటిదానిని తేటదనమనియు, రెండవదానిని నిజమనియు మనము పిలుచుకొందము.

ఈ రెండును వేరువేరని గుర్తించుట పూర్వముకంటె నేడు మిక్కిలి అవసరము. ఏలయనగా, పాతకాలపు యంత్రము తప్పు చేసినపుడు దాని భాషయే మనలను హెచ్చరించెడిది. మాటలు అతుకులబొంతవలె నుండుటచే, చదువరి అనుమానపడి మూలమును వెదకెడివాడు. సుమారు 2016 నుండి వచ్చిన క్రొత్త పద్ధతి వేరు. అది కోట్లకొలది వాక్యముల జంటలను చూచి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట వాడుకయో నేర్చుకొని, ఆ వాడుక ననుసరించి వాక్యమును అల్లును. గూగులువారు ఈ పద్ధతిని 2017 ఏప్రిలులో తెలుగునకు వర్తింపజేసిరి. దీనివలన తెలుగు చాల చక్కబడినది. అందు సందేహము లేదు. కాని యిప్పుడు తప్పు కూడ చక్కని తెలుగులోనే వచ్చుచున్నది. ‘కాదు’ అను మాట జారిపోయినను వాక్యము నునుపుగానే యుండును. షరతు ఒకటి పోయినను చదువరికి లోటు కనబడదు. నునుపైన యబద్ధము గరుకైన నిజముకంటె ప్రమాదకరము.

మన దేశములో దీనిని ముందే యాలోచించినవారు కలరు. కాన్పూరు ఐఐటీలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గారలు మొదలైనవారు అనుసారక అను యంత్రమును నిర్మించి, ఆ కృషిని తరువాత హైదరాబాదులో కొనసాగించిరి. తెలుగునుండి హిందీలోనికి మార్చు అనుసారక కూడ వారి ప్రయత్నములలో నొకటి. మూలములోని సంగతి పోకుండుట ముఖ్యము, భాష కొంత మొరటుగా నున్నను చదువరి అలవాటుపడి గ్రహింపగలడు - ఇది వారి సిద్ధాంతము. మూలములో రెండర్థములకు తావున్నచో, యంత్రము తానై ఒకదానిని తేల్చివేయక ఆ సందేహమును చదువరికి చూపవలయునని వారెంచిరి. నేటి వ్యాపారయంత్రములు ఈ మార్గమున పోలేదు. అవి తమ సందేహమును దాచి, ఒకే మాటను ధైర్యముగా చెప్పును. కావున సందేహించు భారము మనపై పడినది.

ఇక విద్వాంసులు యంత్రములకు మార్కులు వేయు విధానమును గూర్చి కొంచెము తెలిసికొనుట మంచిది. ఏలయన, అమ్మువారు తమ ప్రకటనలలో ఈ మార్కులనే చూపుదురు. 2002లో ఐబీఎం పరిశోధకులు బ్లూ అను కొలతను ప్రకటించిరి. మంచి అనువాదకుడు చేసిన అనువాదమును ప్రక్కనుంచుకొని, యంత్రముయొక్క అనువాదములోని మాటలును మాటల వరుసలును దానితో ఎంతవరకు కలసినవో కంప్యూటరే లెక్కించును. పని త్వరగా నగును. వేల వాక్యములను క్షణములో తూచవచ్చును. కాని ఇందలి చిక్కు ఈ యుదాహరణమువలన తెలియును.

అనువాదకుని వాక్యము ‘రైతు పొలమునుండి ఇంటికి వచ్చెను’ అనుకొందము. ఒక యంత్రము ‘కర్షకుడు చేనినుండి గృహమునకు వచ్చెను’ అని వ్రాసినది. నాలుగు మాటలలో కలసినది ఒక్కటి. వేరొక యంత్రము ‘రైతు పొలమునుండి ఇంటికి రాలేదు’ అని వ్రాసినది. నాలుగింట మూడు కలసినవి. మాటలు లెక్కించువాడు రెండవదానికే ఎక్కువ మార్కులు వేయును. కాని నిజమైనది మొదటిది, రెండవది తలక్రిందులైనది. వేల వాక్యముల సగటులో ఇట్టివి కొంత సర్దుకొనునేమో కాని, మన చేతిలోని ఒక్క కాగితమునకు సగటుతో పనిలేదు గదా!

తెలుగునకు ఇంకొక చిక్కు కలదు. ఇంగ్లీషువారు రెండు మూడు మాటలుగా చెప్పుదానిని మనము ఒకే మాటగా చెప్పుదుము. ‘పొలములోనుండి’ అనుటకును ‘పొలమునుండి’ అనుటకును అర్థములో భేదము స్వల్పమైనను, మాటలను లెక్కించు కొలతకు అవి రెండు వేరు మాటలే. అందుచే తెలుగు అనువాదమునకు ఆ కొలత అన్యాయము చేయును. దీనిని సవరించుటకే 2015లో అక్షరముల వరుసలను పోల్చు కొలత యొకటి వచ్చినది. అది మన భాషకు కొంత మేలు. అయినను ‘వచ్చెను’, ‘రాలేదు’ అను వానికి గల భేదము ఏ అక్షరపు లెక్కకును పూర్తిగా అందునది కాదు.

మరియొక సంగతి. యంత్రములను పోల్చుటకు అందరికి నుపయోగించు వాక్యసంపుటములు ప్రకటింపబడినవి. ఫ్లోరెస్ అనునది వానిలో పేరుగన్నది. మన దేశభాషలకై ఐఎన్22 అనునది కలదు. ఇవి మిక్కిలి ఉపకరించునవే. కాని అవి అందరికి దొరకునట్టివి. పరీక్షాపత్రమును ముందే చూచిన విద్యార్థికి వచ్చిన మార్కులను ఎంతవరకు నమ్మవచ్చునో, ఆ వాక్యములను ముందే చదివియుండదగిన యంత్రమునకు వచ్చిన మార్కులను అంతవరకే నమ్మవలెను. ఎవ్వరును చూడని మన కాగితములలోని వాక్యములే మనకు శ్రేష్ఠమైన తూకపురాళ్ళు.

ఇతర భాషలలో యంత్రము మంచిదని పేరుపొందినంతమాత్రమున తెలుగులోను అట్లే యుండుననుకొనరాదు. దీనికి దృష్టాంతము 2021లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలన. ఆస్పత్రి అత్యవసర విభాగమునుండి ఇంటికి పోవు రోగులకిచ్చు సూచనలను గూగులు యంత్రముచే ఏడు భాషలలోనికి మార్పించి, ఆ భాషలు తెలిసినవారిచే పరీక్ష చేయించిరి. మొత్తము 400 అనువాదములు. స్పానిషులో నూటికి 94 సరిగా నుండెను. ఆర్మీనియనులో నూటికి 55 మాత్రమే. యంత్రము ఒకటే, కాగితములును అట్టివే. భాష మారినంతనే ఫలము మారినది. ఆ ఏడింటిలో తెలుగు లేదు. మన సంగతి మనమే చూచుకొనవలయును. అంతేకాదు: ఇంగ్లీషునుండి తెలుగు చేయుట వేరు, తెలుగునుండి ఇంగ్లీషు చేయుట వేరు. కలెక్టరుగారికి మన అర్జీని ఇంగ్లీషు చేయించదలచినచో ఆ దిక్కును వేరుగా పరీక్షింపవలయును.

ఇక పరీక్షకు తగిన వాక్యములెట్టివి? నష్టము కలుగు తావులలోనివి. కొన్నింటిని చెప్పెదను.

ఇంగ్లీషులో ‘అంకుల్’ అను ఒక్క మాట పెదతండ్రికిని, పినతండ్రికిని, మేనమామకును, మేనత్త భర్తకును చెల్లును. విభాగదస్తావేజులో ఆ మాట యున్నచో యంత్రము దానిని ఏమని వ్రాయును? పినతండ్రికి ఉమ్మడి యాస్తిలో భాగముండవచ్చును. మేనమామకు ఆ వరుసవలన భాగము రాదు. ఒక్క మాటతో వంశవృక్షమే మారిపోవును.

‘ఇంటరెస్టు’ అను మాట ఋణపత్రములో వడ్డీ. భూమి దస్తావేజులో హక్కు. సాధారణ సంభాషణలో ఆసక్తి. కోర్టు తీర్పులో ‘లీవ్ గ్రాంటెడ్’ అని యున్నచో, అప్పీలునకు అనుమతి యిచ్చితిమని యర్థము. సెలవు మంజూరు చేసితిమని కాదు. ఇట్టి మాటలున్న వాక్యములను తప్పక పరీక్షలో చేర్చవలెను.

ఇంగ్లీషులో ‘వుయ్’ అను మాటకు ‘మేము’ అనియు ‘మనము’ అనియు రెండర్థములు. కంపెనీవారి పత్రములో ఆ మాటతో ‘ఖర్చులు భరింతుము’ అని యున్నదనుకొనుడు. మేము భరింతుమన్నచో ఖర్చు కంపెనీది. మనము భరింతమన్నచో రైతునకును పాలు పడినది. ఇంగ్లీషులో లేని భేదమును తెలుగులో తెచ్చిపెట్టవలసి వచ్చునపుడు యంత్రము ఊహించును. ఆ యూహ సరియైనదా యని చూడవలయును.

పంట బీమా షరతులలో వడగండ్లవాన, ముంపు వంటి స్థానిక నష్టములు కలిగినపుడు 72 గంటలలోగా తెలుపవలయునను నియమము కలదు. ఇంగ్లీషులో ఇట్టి నియమమును తరచుగా రెండు వ్యతిరేకములను కలిపి వ్రాయుదురు: ‘తెలుపనిచో చెల్లింపబడదు’ అనునట్లు. యంత్రము ఆ రెంటిలో ఒకదానిని జారవిడిచినచో నియమము తలక్రిందులగును. అట్లే అంకెలు: మిలియను అనగా పది లక్షలు, బిలియను అనగా నూరు కోట్లు. పురుగుమందు కొలతలో 0.5 అనునది 5 అయినచో మొక్కకును ముప్పే, మందు కొట్టువానికిని ముప్పే.

రెండవ దిక్కున, అనగా తెలుగునుండి ఇంగ్లీషునకు, మన వాడుకమాటలను పరీక్షింపవలయును. మిరపలో ‘తాలు’ అన్నది రంగు మారిన కాయ అని మనకు తెలియును, యంత్రమునకు తెలియునా? ‘కౌలు’, ‘సెంటు’, ‘ఉమ్మడి’, ‘అడంగలు’ మొదలగునవి ఏమగుచున్నవో చూడుడు. గౌరవార్థమున ‘వారు వచ్చినారు’ అని ఒక్క వ్యక్తిని గూర్చి చెప్పినచో, యంత్రము పలువురు వచ్చిరని వ్రాయవచ్చును. సాక్షుల సంఖ్యలో అది చిన్న తప్పు కాదు.

పరీక్ష జరుపు క్రమము ఇది. మన ఊరికి సాధారణముగా వచ్చు కాగితములనుండి ఒక యేబది వాక్యములను ఏరవలెను. సులభమైనవానినే గాని, కఠినమైనవానినే గాని ఏరరాదు, రెండును కలసియుండవలెను. మనుష్యుల పేర్లు, ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు తీసివేసి వేరు పేర్లు, వేరు అంకెలు వేయవలెను. ఏలయన, ఉచితసేవలో మనము వేసిన వ్రాత పరులచేతికి పోయినట్లే యెంచుట క్షేమము. తరువాత ఆ వాక్యములను మూడు నాలుగు యంత్రములకు ఒకే దినమున ఇచ్చి, వచ్చిన తెలుగును ఒకే విధమైన కాగితములపై ఒకే దస్తూరితో వ్రాయించవలెను. యంత్రము పేరు వ్రాయక, అ, ఆ, ఇ అని గుర్తులుంచి, ప్రతి వాక్యమునకు ఆ వరుసను తారుమారు చేయవలెను. ఏ గుర్తు ఏ యంత్రముదో తెలిపెడి చీటీని వేరొకరియొద్ద భద్రపరుపవలెను. పెద్ద కంపెనీ పేరు చూచినచో మార్కులు తమంత పెరుగును. పేరు తెలియనిచో న్యాయము జరుగును.

పరీక్షకులు కనీసము ఇద్దరుండవలెను. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, కోర్టులోగాని బ్యాంకులోగాని పనిచేసినవాడు తగినవారు. వారు మొదట మూలమును చూడక తెలుగును మాత్రము చదివి, తేటదనమునకు అయిదింట మార్కులు వేయవలెను. పిమ్మట మూలముతో పోల్చి, నిజమునకు అయిదింట మార్కులు వేయవలెను. అంకె, గడువు, వరుస, ‘కాదు’ అను మాట - వీనిలో తప్పున్నచో దానిని పెద్ద తప్పుగా వేరే పట్టికలో గుర్తింపవలెను. ఇద్దరును ఒకరి మార్కులను ఒకరు చూడరాదు. చివర పోల్చుకొని, భేదించినచోట కారణములు చెప్పుకొనవలెను. పరీక్షకుల యోగ్యత చిన్న విషయము కాదు. 2021లో గూగులు పరిశోధకులే ఒక పరిశీలన ప్రకటించిరి. వృత్తిగా అనువాదము చేయువారు తప్పులను ఒక్కొక్కటిగా గుర్తించి తూచినపుడు వచ్చిన తారతమ్యము, అలవాటులేనివారు తోచిన మార్కులు వేసినపుడు వచ్చిన తారతమ్యముతో కలియలేదని వారు చూపిరి.

లెక్క తేలిన పిదప తొందరపడి తీర్పు చెప్పరాదు. యేబది వాక్యములలో ఒక యంత్రము 4 పెద్ద తప్పులను, వేరొకటి 5 పెద్ద తప్పులను చేసినచో అవి రెండును సమానమనియే యెంచవలెను. ఒకటి 2, వేరొకటి 12 చేసినచో అపుడు భేదము నిజమైనది. యేబదిలో ఒక్క తప్పును దొరకకపోయినను, నూటికి అయిదారు తప్పులు చేయు యంత్రమునకు కూడ అట్టి అదృష్టము అప్పుడప్పుడు పట్టునని గణితశాస్త్రము చెప్పును. పరీక్ష జరిపిన తేదీని తప్పక వ్రాయవలెను. ఈ యంత్రములను కంపెనీలు తరచుగా మార్చుచుండును. కాటాను ఏటేట సరిచూచినట్లు వీనిని కూడ మరల మరల సరిచూడవలెను.

ఇంగ్లీషు రానివారు కొందరు ఒక ఉపాయము పన్నుదురు. యంత్రమిచ్చిన తెలుగును మరల అదే యంత్రముచే ఇంగ్లీషు చేయించి, అది మూలముతో కలసినచో సరియని తలంతురు. ఇది నమ్మదగిన పరీక్ష కాదు. పోవునపుడు చేసిన తప్పును వచ్చునపుడు అదే తీరున దిద్దుకొనవచ్చును. పోవునపుడు సరిగానున్నది వచ్చునపుడు చెడిపోవచ్చును. ఇరుప్రక్కల సాక్షి యొక్కడే యైనచో ఆ సాక్ష్యమునకు బలమెక్కడిది?

ఈ శ్రమ ఎందులకని మీరడుగవచ్చును. 2017 అక్టోబరులో పాలస్తీనా దేశీయుడగు ఒక కూలి తన చిత్రము క్రింద అరబ్బీభాషలో శుభోదయమని ఫేస్‌బుక్‌లో వ్రాసెను. యంత్రము దానిని హీబ్రూభాషలో ‘వారిపై దాడి చేయుడు’ అని మార్చినది. ఇశ్రాయేలు పోలీసులు అతనిని నిర్బంధించి, కొన్ని గంటల పిదప తప్పు తెలిసి విడిచిపెట్టిరి. అరబ్బీ తెలిసిన ఒక్క అధికారి ముందుగా చూచియుండినచో ఆ నిర్బంధమే జరిగియుండదు.

మన సుప్రీంకోర్టువారు ఈ విషయమున జాగ్రత్త వహించిరి. 2019 నవంబరులో తీర్పులను దేశభాషలలోనికి మార్చుటకై సువాస్ అను యంత్రసాధనమును ప్రవేశపెట్టిరి. అందు తెలుగును కలదు. కాని తెలుగు ప్రతి కక్షిదారు తన భాషలో గ్రహించుటకు మాత్రమే యనియు, వ్యవహారమునకు ఇంగ్లీషు ప్రతియే ప్రమాణమనియు దానిలోనే చెప్పబడును. దేశమునకెల్ల పైకోర్టే తన యంత్రమునకు ఇట్టి హద్దు నేర్పరచినపుడు, మనము సెల్‌ఫోనును చూచి సంతకము చేయుట తగునా?

దీనినిబట్టి యంత్రములను త్రోసివేయుడని నా మాట కాదు. వార్తలు చదువుటకు, దూరదేశములో వ్యవసాయము ఎట్లు చేయుచున్నారో తెలిసికొనుటకు, పెద్ద కాగితములో ముఖ్యవిషయము ఎచ్చట నున్నదో కనుగొనుటకు ఇవి మిక్కిలి సహాయకారులు. అట్టి పనులకు తేటగా వ్రాయు యంత్రమే మేలు. సంతకము, మందు, గడువు, ఆస్తి - ఈ నాలుగింటికి సంబంధించిన కాగితములకు పెద్ద తప్పులు తక్కువ చేయు యంత్రమును ఎన్నుకొని, అటుపిమ్మట కూడ భాష తెలిసిన మనుష్యునకు చూపవలయును. ఒకే యంత్రము అన్ని పనులకు శ్రేష్ఠమనుట, ఒకే విత్తనము నల్లరేగడికిని ఎఱ్ఱనేలకును సమానమనుట వంటిది.

ఇంకొక మాట. మన సీమలోని తండాలలో నివసించు లంబాడీ సోదరుల భాష ఆ 22 భాషలలో లేదు. వారి యిండ్లకు వచ్చు కాగితము యంత్రమువలన తెలుగు వరకు రాగలదు. అటుపిమ్మట నోటితో చెప్పువాడే దిక్కు. తెలుగులో చేరిన తప్పు వారికి రెట్టింపై చేరును. కావున పరీక్షలో వారి పెద్దలను కూడ కూర్చుండబెట్టుట ధర్మము.

కుంఫిణీ కాలమున దొరలకును ప్రజలకును నడుమ దుబాసీ యుండెడివాడు. అతని మాటను సరిచూచుటకు రెండు భాషలు తెలిసిన వేరొకడు లేనిచోట, అతడు చెప్పినదే సత్యమై చెల్లెడిది. నేటి దుబాసీకి రాగద్వేషములు లేవు, లంచము లేదు. కాని తాను చెప్పినదానికి జవాబుదారియు కాదు. తప్పు వచ్చినచో నష్టపడువాడు కంపెనీవాడు కాడు, పొలముగలవాడు. నష్టపడువాడే తూచవలయుననుట న్యాయము. ప్రతి గ్రంథాలయమునందును, ప్రతి పంచాయతీ కార్యాలయమునందును యేబది వాక్యముల పట్టిక యొకటి వ్రాసియుంచి, సంవత్సరమునకొకమారు ఇద్దరు పెద్దలు కూర్చుండి ఈ పరీక్ష జరిపినచో, ఆ ఊరికి ఏ యంత్రము ఏ పనికి తగునో ఆ ఊరివారికే తెలియును. చదువుకొన్న పిల్లలు యంత్రమును నడపుదురు. కాగితముల మర్మము తెలిసిన పెద్దలు తీర్పు చెప్పుదురు. ఇద్దరును కలసి చేయవలసిన పని యిది. దీనిని మీ గ్రామములలో ఆరంభింపుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.